ఆరు గంటల వేడి

తెర మీద అంకె నూట ముప్పై ఆరు దాటింది. ఈపాటికి నూట ఇరవై దగ్గర ఆగిపోవాల్సిన ఒత్తిడి అది.

“గేజికి తిక్క రేగింది,” అన్నాడు షిఫ్టు సూపర్‌వైజరు. “నీలాగే, ఒక్కచోట నిలవదు. పంపులు వాటంతటవే ఆగిపోయే హద్దుని నూట నలభై నుంచి నూట యాభైకి జరిపేస్తున్నానే.”

కొలతల ఇంజనీరు నవ్వలేదు. సూపర్‌వైజరు ఆమెకు స్వయానా మేనమామ. గోడ అవతల పంపులు, గాలిలో కలవకుండా పొగగొట్టాల దగ్గరే పట్టిన బొగ్గుపులుసు వాయువును కిలోమీటరు లోతున, ఉప్పునీరు నిండిన ఇసుకరాతి పొరలోకి కూరుతున్నాయి. ఆ పొర మీద మూతలా గట్టిరాయి. దానిపైన ఊరంతా తాగే మంచినీళ్ళు. మూత పగిలితే అంతే సంగతులు.

ఏడు నెలల క్రితం బావి అడుగున వేడి కొలిచింది ఆమే. తవ్వేటప్పుడు తిప్పే బురద బావిని చల్లారుస్తుంది. మూడు రోజులు ఆగి, రాయి తన వేడికి తాను వచ్చాక కొలవాలి. “జ్వరం చూడ్డానికి ఇన్ని రోజులా అమ్మా?” అని డ్రిల్లింగు వాళ్ళు నస పెడితే, ఆరు గంటలకే థర్మామీటరు పైకి లాగేసింది. నలభై ఎనిమిది డిగ్రీలు. కాగితం మీద మాత్రం మూడు రోజులని రాసింది. మేనకోడలి లెక్క కదా, మేనమామ చదవకుండానే సాక్షి సంతకం గీకేశాడు.

ఇవాళ పొద్దున అనుమానం పురుగులా తొలిచేస్తుంటే, అదే పొరలోకి దిగిన, నెలలుగా ఎవరూ కదపని పక్క పరిశీలన బావిలోకి థర్మామీటరు దింపింది. అరవై ఒకటి!

నూట ముప్పై ఎనిమిది.

“మావయ్యా, పంపులు ఆపెయ్.”

“ఆపి, పై ఆఫీసుకి ఏం చెప్పను? మా పిల్లకి భయమేసిందనా? మూత నూట అరవై దాకా ఓర్చుకుంటుంది. లెక్క నీదేగా!”

“నాది కాబట్టే చెప్తున్నా. అడుగున అరవై ఒక్క డిగ్రీలుంది. ఆ వేడికి వాయువు ఉబ్బి, అనుకున్నదానికంటే ఎక్కువ చోటు అడుగుతోంది. గేజి నిక్షేపంలా ఉంది.”

“మరి అప్పుడు నువ్వు కొలిచిందో?”

“ఆరు గంటలకే కొలిచా. మూడు రోజులని అబద్ధం రాశా.”

“దాని మీద నా సంతకం కూడా ఉందే!”

“ఆ నూట అరవై కూడా తప్పుడు వేడితో వేసిన లెక్కే. మనం పంపేది చల్లటి వాయువు. కాగిన గాజు గ్లాసులో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుంది? మూత ఎక్కడ పగులుతుందో ఇప్పుడు నాకే తెలీదు మావయ్యా.”

నూట ముప్పై తొమ్మిదిన్నర.

ఆయన కీబోర్డు మీంచి చెయ్యి తీసి, ఎర్ర బటన్ మీద గుద్దాడు. పంపుల హోరు తెగిపోయింది. అంకె ఊపిరి బిగపట్టినట్టు కాసేపు నిలిచింది. తర్వాత ఒక గీత కిందికి దిగింది.

ఆయన రిజిస్టరు ఆమె ముందుకు తోశాడు. “రాయి. ఆరు గంటలని రాయి. సాక్షి చదవకుండా సంతకం పెట్టాడని కూడా రాయి.”

“నీ ఉద్యోగం…”

“ముందు రాయవే. అంకె సంగతి నేను చూస్తా.”