మహాసముంద్ రాకముందే

పరదేశి స్టీలు సబ్బుపెట్టెలో దూది ఉండలు సర్దుకుని సైకిలెక్కాడు. రైల్వే ఆసుపత్రిలో ముప్పైనాలుగేళ్లు కట్లు కట్టి రిటైరయ్యాడు. ఇప్పుడు రాయపూర్‌లో తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లి సూదిమందు వేస్తాడు. మొద్దు వేళ్లు, పొట్టి గోళ్లు. ఆ వేళ్లకు వణుకు లేదు. ఎడమ భుజం మాత్రం రెండు రోజులుగా లాగుతోంది. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

వాళ్లలో నీలిమకు పిల్లల కోసం చేస్తున్న వైద్యంలో ఇది రెండో విడత. మొదటిది నిలవలేదు. రోజూ ఏడింటికి పొట్టమీద సూది పడాలి. భర్త ఉమేష్‌కు స్టీలు ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. వేళ తప్పకూడదని, టెన్షన్ పడకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఎలా పడకుండా ఉండాలో చెప్పలేదు.

ఆ రోజు నీలిమ అత్తగారు తాయారమ్మ అతన్ని గుమ్మంలోనే ఆపింది. తిల్దాలో కూతురింటి నుంచి నిన్ననే వచ్చింది. దీపాలు పెట్టే వేళ సూది చేతులు మారకూడదట. మొదటి విడత అందుకే పోయిందట. ఎనిమిది దాటాక వెయ్యమంది.

నీలిమ గోడకు ఆనుకుని నిలబడింది.

పరదేశి సైకిలుకు స్టాండు వేసి తాయారమ్మ వైపు తిరిగాడు.

"నా పెళ్లాం చిన్నమ్మకీ ఇలాటివే సెప్పీవోరక్కా. ఉప్పు ముట్టకు, సూది ముట్టకు. డాక్టరు నన్ను పరీచ్చకి రమ్మన్నాడు. నానెల్లలేదు. పిల్లల్లేని తప్పు దానిదేనన్నారు. అది పోయీదాకా నాను నోరిప్పలేదు."

తాయారమ్మ పక్కకు తప్పుకుంది. కానీ దీపం వైపు చూస్తూనే ఉంది.

"సేతులు మారకూడదు, అంతే కదా," అన్నాడు పరదేశి. "నీలిమా, ఫ్రిజ్‌లోంచి నువ్వే తీసుకో. నువ్వే ఏసుకో."

"నా వల్ల కాదు బాబాయ్. వణుకుతున్నాను."

"వణుకు. ఊరెల్లీ రైలెక్కేననుకో. స్టేషన్లు సెప్పు."

ఆమె చర్మం పట్టుకుంది. మందిర్ హసౌద్ అంది. ఆరంగ్ అంది. మహాసముంద్ రాకముందే మందు లోపలికి వెళ్లిపోయింది.

"ఇంక నాతో పనేటుంది. చాయ్ కూడా దండగే," అన్నాడు.

అయినా చాయ్ తాగాడు. సబ్బుపెట్టె ఆమె ఫ్రిజ్ మీదే వదిలి, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం అతని పొరుగింటి నూకరాజు వచ్చి చెప్పాడు. పొద్దున తలుపు తియ్యలేదట. పగలగొట్టి చూస్తే నిద్రలోనే పోయాడట. కబురు పెట్టాల్సినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరంది తాయారమ్మ.

ఏడింటికి నీలిమ ఫ్రిజ్ తెరిచింది. తాయారమ్మ దీపం పెట్టకుండా అగ్గిపెట్టె పట్టుకుని నిలబడింది.

"ముందు నువ్వు కానీ," అంది.

ఆ రోజు మహాసముంద్ దాటి బాగ్‌బహరా దాకా పట్టింది.

ఫ్రిజ్ మీద సబ్బుపెట్టె మూత తెరిచే ఉంది. లోపల ఇంకా నాలుగు దూది ఉండలున్నాయి, ఒకే కొలతలో.