ఎడమకు ఒరిగిన బండి

మా కార్దెనాస్‌లో ఎవారిస్తో ఎంత బరువుండేవాడంటే, అతను దిగగానే కారు జానెడు పైకి లేచి నిట్టూర్చేది. ఆ చప్పుడుకు తెల్లారిందనుకుని వీధిలో కోళ్లు కూసేవి. మీరు నమ్మకపోయినా సరే, కోళ్లు నమ్మాయి.

పందొమ్మిది వందల యాభై రెండు నాటి ఆ ప్లిమత్ కారును పెళ్లికి ముందు నుంచీ అతనే నడిపాడు. మా దగ్గర స్టీరింగు ఉండేది ఎడమవైపే. ఆ బరువుకు బండిని మోసే ఎడమవైపు కమాను పట్టీలు అణిగిపోయి బండి ఆ పక్కకే ఒరిగి ఉండేది. ముందు సీటు బల్లలా ఒకటే. పక్కన కూర్చున్న భార్య ఎనేయిదా ఊరు దాటేలోపు జారి జారి అతని భుజానికి ఆనేది. వీళ్ల కాపురాన్ని కారే నిలబెట్టిందని మేం ఏడిపించేవాళ్లం. ఆమె నవ్వేది గానీ జరిగి కూర్చునేది కాదు.

మొన్న చలికాలంలో ఎవారిస్తో పోయాడు. ఆదివారాలు సమాధి దగ్గరికి వెళ్లాలని ఎనేయిదా ఆ కారును మెకానిక్ ఒదేలియో షెడ్డుకు తోయించుకొచ్చింది.

“బ్రేకులు చూడు చాలు. మిగతాదేదీ ముట్టుకోకు. ఆయన వదిలినట్టే ఉండనీ.”

మా దగ్గర కొత్త విడిభాగాలు దొరకవు, ఒకరికి కావాలంటే మెకానిక్ ఇంకో బండి విప్పాలి. అందుకని మా ఊళ్లో ఎవరూ నోరు తెరిచి కావలసిందంతా అడగరు. ఆమె మొహమాటపడుతోందని ఒదేలియో అనుకున్నాడు.

బ్రేకులకు లారీ ట్యూబుతో వాషర్లు కోశాడు. బ్రేకు నూనె దొరక్క షాంపూ, ఆముదం, సారా కలిపి పోశాడు. అలాంటి బండి వానలో నురగ కక్కుతుంటే, వెంట పరిగెత్తి తలంటుకున్న మనిషి నాకు తెలుసు. ఆ తర్వాత ఒదేలియో, ఎవరూ అడక్కుండానే, ఎడమ కమాను పట్టీలు విప్పేసి పాత లారీవి బిగించాడు. విప్పినవాటిని ఆ సాయంత్రమే గుర్రబ్బండివాడు పట్టుకెళ్లి, కాల్చి, సాగగొట్టి తన బండికి వేసుకున్నాడు.

ఆదివారం ఒదేలియో నడిపాడు. ఎనేయిదా ముందు కూర్చుంది, నేను వెనక. బండి సముద్రపు గట్టు మలుపు దాటింది. ఆమె జారలేదు. ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఒదేలియో గర్వంగా బ్రేకు తొక్కితే బండి గీత గీసినట్టు ఆగింది.

“చూశావా వదినా, కాఫీ గ్లాసు పెట్టినా తొణకదు.”

“ఎడమ పక్క ఎత్తావా?”

“అన్నయ్య బరువుకి కుంగిపోయింది కదా. అన్నయ్యకి ఆమాత్రం చెయ్యనా?”

“ఆ బరువొక్కటే మిగిలిందయ్యా నాకు.”

ఒదేలియో స్టీరింగు వదిలేశాడు. పాతవి అడిగి తెస్తానన్నాడు. అవి సాగగొట్టేశారని గుర్తొచ్చి మాట మింగేశాడు. చివరికి తన సీటు కింద ఇసుక బస్తా వేస్తానన్నాడు.

“ఇసుక కోసం జారమంటావా నన్ను?” అంది. గొంతులో కోపం లేదు. అదుంటే బావుండేది.

మరుసటి ఆదివారం ఒదేలియో ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎనేయిదా అతని చెయ్యి మెల్లగా తట్టి, వెనక తలుపు తీసి నా పక్కన కూర్చుంది. నేను జరిగి ఆమెకు చోటిచ్చాను. చాలాసేపటికి గానీ ఒదేలియో ఆ ముందు తలుపు వేయలేదు.