బల్ల మీది పన్నెండో ఫోటో

దగ్గరికి జరగండి, ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా. ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు.

ఒక బడి. దానికో ఇనుప గేటు, గేటు దగ్గరో వాచ్‌మన్. బట్టతల, తెల్లగడ్డం, దళసరి కళ్ళద్దాలు. పిల్లలంతా ఆయన్ని గేటు తాత అనేవారు. నీడపట్టున కూర్చునే గోడౌను పని వదులుకుని మరీ వచ్చి ఈ ఎండలో నిలబడ్డాడు. ఎందుకంటే మూడో తరగతిలో పిచ్చుక అని పిలిచే పిల్ల ఒకతి ఉంది, అది ఆయన సొంత కూతురి కూతురు. ఆ సంగతి ఆయనకి తెలుసు, పిల్లకి తెలియదు.

తండ్రి అక్కడున్నాడని కూతురికీ తెలియదు. ఆమె దర్జీ, పొద్దస్తమానం మిషను మీదే కూర్చుంటుంది. పిల్ల వ్యానులో వచ్చి వ్యానులో పోతుంది. తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుని తొమ్మిదేళ్ళయింది. అప్పట్లో ఆయన లారీ డ్రైవరు. భార్య మంచాన పడి ఇక లాభం లేదన్నప్పుడు కూతురు కబురు మీద కబురు పెట్టింది. ఈ ఒక్క ట్రిప్పు, ఇంకొక్క ట్రిప్పు అంటూ ఆయన రోడ్లు పట్టుకు తిరిగాడు. పని వదలక కాదు, ఆవిడ పోతుంటే చూసే ధైర్యం చాలక. అంతా అయిపోయిన నాలుగో రోజున ఇల్లు చేరాడు. కూతురు గుమ్మానికి చేతులడ్డం పెట్టి, "అమ్మతో పాటే నువ్వూ పోయావనుకుంటా" అంది. అన్నంత పనీ చేసింది.

అందుకే ఆయనకి ఒకటే భయం. కూతురి కంట పడితే పిల్లని మరో బడికి మార్చేస్తుంది. పొద్దున్నే వ్యాను దిగి, బూటు లేసు ఊడిందని కాలు చాపే ఆ పిల్ల మళ్ళీ కనబడదు.

వానలు వెనకబట్టి ఎండ మెత్తబడ్డ రోజులవి. సరిగ్గా ఆ ఋతువులో లోకంలో ఎవరెవరు ఏ పండగ చేసుకుంటారో పిల్లలకి కళ్ళారా చూపించాలని సాంఘికం టీచరుకి బుద్ధి పుట్టింది. పిల్లల చేత వియత్నాం నక్షత్రాల లాంతర్లు చేయించింది. జపానువాళ్ళు నిండు చందమామకి పెట్టే గడ్డిపూలు, పిండి ఉండలు పెట్టించింది. కొరియాలో కొత్త పంట ఇంటికొచ్చాక పోయిన పెద్దలకి పెట్టి, ఆ తర్వాతే తాము తింటారట. అది అర్థమవ్వాలని, కాలం చేసిన పెద్దల ఫోటో ఇంటినుంచి తలా ఒకటి తెమ్మంది. మూడింటికి తల్లిదండ్రుల్ని రమ్మంది.

ముందురోజే తాత సెలవడిగాడు. "రేపు మధ్యాహ్నం నాకు ఒంట్లో బాగుండదు టీచరమ్మా."

"రేపటి జ్వరం ఇవాళే కబురు పెట్టిందా తాతగారూ? సరే, హాల్లో నాలుగు బెంచీలు వేసి వెళ్ళండి."

మర్నాడు రెండింటికి చివరి బెంచీ భుజాన వేసుకుని హాల్లోకొచ్చాడు. బల్ల మీద పన్నెండు ఫోటోలు, ఒక్కోదాని ముందు గిన్నెడు అన్నం, ఓ పండు. పిల్లలు వాదించుకుంటున్నారు.

"మా ముత్తాత మీ తాతకంటే ముందే పోయాడు."

"అయితే ఏం? మా నాయనమ్మకి పళ్ళు కూడా లేవు."

నవ్వుకుంటూ చూసుకుపోతున్న తాత చివరి ఫోటో దగ్గర ఆగిపోయాడు. లారీ బానెట్‌కి ఆనుకుని, మీసం మెలేసి, ఖాకీ చొక్కాలో నిలబడ్డాడు తను. తన ముందు గిన్నెడు అన్నం. భుజం మీది బెంచీ ఎప్పుడు దించాడో ఆయనకే తెలియదు. తను బతికే ఉన్నాడా అని ఓసారి గిల్లి చూసుకున్నాడు. బతికుండగా తన పిండాకూడు తనే చూసిన మనిషి ఇంకేమని అనుకుంటాడు.

"అది మా తాత" అంది పిచ్చుక పక్కకొచ్చి. "నేను పుట్టకముందే పోయాడు."

"ఎలా... ఎలా పోయాడమ్మా?"

"అమ్మమ్మకి బాలేదని తెలిసి అన్నం కూడా తినకుండా లారీ తోలుకొచ్చేస్తున్నాడట. దారిలో ప్రమాదమైందట. అమ్మ చెప్పింది. మా తాత చాలా మంచోడు. అందుకే అన్నం ఎక్కువ పెట్టా."

ఫోటో చూసిన అదురు ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. కూతురు తనని చంపిందని తెలుసు గానీ, ఇంత మంచివాణ్ణి చేసి చంపిందని తెలియదు. ఆ రాని మనిషిని దారిలో ఉన్నట్టు చెప్పుకుంది. నోరు విప్పితే తను బతుకుతాడు, ఆ మంచివాడు పోతాడు. వెళ్ళిపోదామని గుమ్మం వైపు తిరిగాడు.

గుమ్మంలో కూతురు. ఇంట్లో ఆ ఫోటో కనబడక, మెళ్ళో కొలత టేపు తీయడం కూడా మరిచి, గంట ముందే వచ్చేసింది. చూపు ఆయన మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి ఆయన మీదికి తిరిగింది.

"అమ్మా, ఈయనే గేటు తాత. నా లేసు కడతాడని చెప్పానే" అంది పిచ్చుక.

కూతురు తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది. వెళ్ళి పన్నెండో ఫోటో తీసి సంచిలో పెట్టుకుంది.

"అదేంటండీ, ఎందుకు తీశారు?" అంది టీచరు.

"బతికున్నవాళ్ళది పెట్టకూడదు కదండీ" అంది.

పిల్ల తల్లి కొంగు పట్టుకుని, "మరి తాత ప్రమాదంలో..." అంటోంది.

కూతురు తండ్రి వైపు తిరిగింది. "ఆదివారం ఇంటికి రా. అప్పుడెందుకు రాలేదో పిల్లకి నువ్వే చెప్పు. నేను చెప్పిన అబద్ధం చాలు."

"అది నన్ను అసహ్యించుకుంటే?"

"అదీ చూసుకో."

ఆయన తలూపాడు. సెలవు రాసిన కాగితం జేబులోనే ఉన్నా, ఆ సాయంత్రం చివరి వ్యాను వెళ్ళేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు.

ఆదివారం వెళ్ళాడు, అంతా చెప్పాడు. పిల్ల మూడు వారాలు ఆయన చేత లేసు కట్టించుకోలేదు. నాలుగో వారం ఒక పొద్దున వ్యాను దిగి, లేసు ఊడిన కాలు చాపింది. మీ పిల్లలకి ఇది చెప్పండి, మరిచిపోకండి. చెప్పేటప్పుడు మాత్రం ఆయన్ని మంచివాణ్ణీ చేయకండి, చెడ్డవాణ్ణీ చేయకండి. నాలుగో రోజున వచ్చాడనే చెప్పండి.