నా ఫోటో తీసెయ్యండి

జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన లాండ్రీ ఆవిడ ఆ రోజు కుర్చీలో కూర్చున్నాక ఒక్క మాటా మాట్లాడలేదు. మామూలుగా అయితే ఆవిడ నోరు మూయించాలంటే తల మీద నీళ్లు కుమ్మరించాల్సిందే. మెడ చుట్టూ గుడ్డ కడుతూ కత్తెరక్క అడిగింది.

"ఏంటి, నాలుక ఇంట్లో పెట్టి వచ్చావా?"

"వంతెన దగ్గర క్లినిక్కి వెళ్లొచ్చానక్కా. ఇక్కడ," అని చంక పక్కన వేలు పెట్టి చూపించింది ఆవిడ, "ఏదో గట్టిగా తగులుతోంది. చూపించుకో చూపించుకో అని నువ్వే కదా అందర్నీ పోరుతుంటావు. తీరా వెళ్తే పరీక్ష చేసే ముందు గదికి తాళం. ఆ పరీక్షలు ఇప్పుడు చెయ్యట్లేదన్నారు."

"మళ్లీ ఎప్పుడు చేస్తారంట?"

"ఇక చెయ్యరంట. సంస్థ సాయం ఆపేసిందంట."

కత్తెరక్క చేతిలో దువ్వెన ఆగిపోయింది. అద్దం పక్కన గోడకి ఆ సంస్థ పోస్టరే అంటించి ఉంది. అందులో నున్నటి గుండుతో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న మనిషి తనే.

పార్లర్ పెట్టినప్పటి నుంచీ ఆ వీధిలో ఆమెని కత్తెరక్క అనే పిలుస్తారు. అత్తగారు కూడా పోయేదాకా అలాగే పిలిచింది. కొన్నేళ్ల కిందట ఆ క్లినిక్‌లోని పెద్ద నర్సు చేతికే కత్తెరక్క రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ తగిలింది. నర్సు వెంటనే పెద్దాసుపత్రికి పంపింది. ఆపరేషను, కీమో, జుట్టు రాలడం, అన్నం సయించకపోవడం, అన్నీ అయ్యాయి. మనిషి మిగిలింది.

ఫోటో తీసింది ఆడపడుచు చిట్టి. చిట్టి పనిచేసేది ఆ సంస్థలోనే, ప్రచారం చూసుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసే సంస్థ అది. ఏటా ఒక ఆదివారం పొద్దున్నే గులాబీరంగు టీషర్టులు వేసుకుని ఊరు ఊరంతా నడిచేది వాళ్ల కోసమే. కీమో మధ్యలో ఒకరోజు చిట్టి కెమెరా పట్టుకొచ్చి, చాలాసేపు ఇటు తిరుగు అటు తిరుగు అని చెప్పి, చివరికి చూస్తే మూత తియ్యలేదు. కత్తెరక్క పడీపడీ నవ్వింది. చిట్టి మూత తీసి పట్టుకున్న ఆ నవ్వే ఇప్పుడు బస్టాపుల్లో, ఆసుపత్రి గోడల మీద, బస్సుల వెనక ఉంది. దాని కింద, 'నన్ను వేళకి చూశారు. మీరూ చూపించుకోండి' అని ఉంటుంది.

కత్తెరక్క ముందు లాండ్రీ ఆవిడని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లింది. అక్కడి వరస చూస్తేనే కాళ్లు పీకాయి. సాయంత్రానికి ఒక తేదీ ఇచ్చి పంపారు. అది మరో రెండు నెలల తర్వాత. లాండ్రీ ఆవిడ ఆ చీటీని మడిచి జాకెట్లో పెట్టుకుని, "పోనీలే అక్కా, నాకేం కాదులే," అంది. ఆ మాట అన్న గొంతు కత్తెరక్కకి బాగా తెలుసు. తను కూడా అలాగే అనుకుంది ఒకప్పుడు.

మర్నాడు క్లినిక్కి వెళ్తే పెద్ద నర్సు వెనక గదిలో ఉంది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది.

"మా మీద విచారణ నడుస్తోందంట. విచారణ ఉన్న చోటికి సాయం ఇవ్వకూడదని సంస్థ ఈమధ్యే ఒక నియమం పెట్టుకుంది."

"మీ మీద విచారణ ఏంటి?"

"వేయించింది ఆ సంస్థ కొత్త అధ్యక్షుడి పార్టీవాళ్లే. ఈ వెనక గదిలో మేం ఏం చేస్తామో నీకు తెలుసుగా. పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్లకి మందులిస్తాం. పెళ్లికాని పిల్ల వచ్చినా కాదనం. కడుపు తీయించుకోవాల్సి వస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్తాం. చట్టం ఒప్పుకున్న పనే. కానీ ఎన్నికలొస్తున్నాయి. అరవడానికి వాళ్లకొకటి కావాలి, మా వెనక గది దొరికింది."

"సంస్థ సాయం ముందు గదికి కదా? మధ్యలో అదేం చేసింది?"

"వెనక గదికి పక్కనుంది. అదే దాని తప్పు."

నర్సు నవ్వబోయి ఊరుకుంది. కత్తెరక్క తాళం వేసిన తలుపు వంక చూసింది. ఆ తలుపు అవతల ఎత్తు బల్ల, గోడకి చన్నీళ్ల కొళాయి. చేతులు చల్లగా ఉంటాయని నర్సు ముందు రెండు అరచేతులూ రుద్దుకునేది.

ఆదివారం మధ్యాహ్నం చిట్టి భోజనానికి వచ్చింది. కత్తెరక్క కూర వడ్డిస్తూనే అడిగేసింది.

"నియమం అందరికీ ఒకటే వదినా," అంది చిట్టి.

"అందర్లో ఎంతమందికి తగిలింది?"

చిట్టి అన్నం కెలుకుతూ కూర్చుంది. "వాళ్లొక్కరికే," అంది చివరికి. "నాకు తెలీదనుకుంటున్నావా? సాయం ఆపేస్తున్నామని ప్రకటన రాసింది నేనే. మా అధ్యక్షుడు మళ్లీ మళ్లీ రాయించాడు, ఎక్కడా రాజకీయం వాసన రాకూడదని."

"రాసిచ్చావా?"

"ఇచ్చాను. ఉద్యోగం వదినా. నీలాగా నా కొట్టు నాకు లేదు. పొద్దున లేస్తే ఆయన మొహమే చూడాలి నేను."

"అప్పుడు ఆ గది లేకపోతే ఇవాళ నీకీ అన్నం పెట్టేదాన్ని నేను కాదు చిట్టీ."

"ఆ మాట అనకు. అది మాత్రం అనకు." చిట్టి కంచం ముందునుంచి లేచిపోయింది. లిఫ్టు మెకానిక్కుగా పనిచేసే కత్తెరక్క భర్త, చెల్లెలి వంకా పెళ్లాం వంకా మార్చి మార్చి చూసి, "అన్నం చల్లారిపోతోంది," అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

కత్తెరక్క సంస్థ ఆఫీసుకి వెళ్లింది. కొత్త అధ్యక్షుడు లేచి నిలబడి, కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించాడు. మర్యాదలో వంక పెట్టడానికి లేదు.

"నా ఫోటో తీసెయ్యండి," అంది ఆమె.

"అదేంటమ్మా. మీ మొహం చూసి ఎంతమంది ధైర్యం తెచ్చుకుంటున్నారో."

"ధైర్యం తెచ్చుకుని వెళ్తే అక్కడ తాళం ఉంటోంది. వెళ్లండని చెప్తున్నది నేను, తాళం వేసింది మీరు. నేను అబద్ధాలకోరునైపోయాను."

"ఇంకా చాలా కార్యక్రమాలున్నాయమ్మా మనకి. ఒక్క క్లినిక్కే కాదుగా. అయినా ఫోటో వాడుకోవచ్చని మీరు సంతకం పెట్టారు. ఈ ఏడాది నడకకి కూడా అదే ఫోటోతో పోస్టర్లు, టీషర్టులు అచ్చయిపోయాయి."

ఆయన గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. ఆఫీసుకి ఎదురుగా బస్టాపులో నిలువెత్తు పోస్టరు వెలుగుతోంది. కత్తెరక్క రోడ్డు దాటి దాని పక్కన నిలబడింది, బస్సు కోసం. బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు.

మర్నాడు పొద్దున పార్లర్ తెరవకముందే ఒక అట్టముక్క పట్టుకుని అక్కడికొచ్చింది. 'ఈ ఫోటోలో ఉన్నది నేనే. నన్ను కాపాడిన గదిని వీళ్లు మూయించారు' అని రాసుకుంది. చిక్కేంటంటే ఇప్పుడామెకి భుజాలు దాటిన జుట్టుంది. ఒకాయన పోస్టరుని చూసి, ఆమెని చూసి, "మీ అక్కగారా?" అన్నాడు. ఒకావిడ చదవకుండానే, ఏ నంబరు బస్సు మార్కెట్టుకి వెళ్తుందని అడిగింది. ఇంకో కుర్రవాడు ట్యూషన్ సెంటరు ప్రకటన అనుకుని ఫీజెంత అన్నాడు. అలా ఆ వారమంతా గడిచింది.

శనివారం సాయంత్రం పార్లర్ షట్టరు సగం దించి, భర్తని పిలిచి, కుర్చీలో తనే కూర్చుంది. ట్రిమ్మరు ఆయన చేతిలో పెట్టింది.

"తీసెయ్యండి."

"ఏంటి, మొత్తమా?"

"మొత్తం. పోస్టర్లో ఉన్నట్టు."

ఆయన ట్రిమ్మరుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కీమో రోజుల్లో ఆమె జుట్టు ఊడిపోతుంటే ఆసుపత్రిలోనే తీయించేశారు. అప్పుడు ఆయన లోపలికి రాలేదు. వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత చాలా రోజులు ఆమె తలకి గుడ్డ కట్టుకుంటే తప్ప ఎదురుగా కూర్చునేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"నేను స్క్రూలు విప్పేవాణ్ణే," అన్నాడు.

"స్క్రూలే అనుకోండి."

"చెవి మడిచి పట్టుకో మరి. తెగితే నన్ననొద్దు."

అంగుళం అంగుళం చూసుకుంటూ మొదలుపెట్టాడు. ఒక పక్క అయ్యేసరికి చెయ్యి తిరిగింది. జుట్టంతా కింద పడ్డాక మెత్తటి గుడ్డతో ఆమె తల తుడిచి, ఆ గుండు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. ఆమె అద్దంలో ఆయన్నే చూస్తోంది. ఆయన కళ్లు పక్కకి తిప్పుకోలేదు.

"గుండ్రంగానే ఉంది తల," అన్నాడు.

"ఇప్పుడు చూశారా?"

"ఇప్పుడే చూశాను."

సోమవారం నుంచి బస్టాపులో ఆమెని పోల్చుకోని వాళ్లు లేరు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. పోస్టరునీ ఆమెనీ కలిపి ఫోటోలు తీసుకున్నారు. క్లినిక్‌లో చూపించుకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పక్కన నిలబడ్డారు. లాండ్రీ ఆవిడ ఇస్త్రీ బట్టల మూటతో సహా వచ్చింది. గద్దించిన వాళ్లూ ఉన్నారు. ఒక పెద్దమనిషి రోజూ ఆగి, అలాంటి పాపపు పనులు చేసే చోటికి వత్తాసు పలుకుతావా అని తిట్టి, టైముకి తన బస్సెక్కి పోయేవాడు. పార్లర్‌కి కొందరు రావడం మానేశారు. రిటైరైన లెక్కల టీచరు కూడా వాళ్లలో ఉందనుకుంది కత్తెరక్క. ఆవిడకి వెనక గది అంటే మొదటి నుంచీ గిట్టదు.

ఒకరోజు ఆవిడే గొడుగు వేసుకుని వచ్చి బస్టాపు బెంచీ మీద కూర్చుంది.

"ఆ వెనక గది సంగతి నేనొప్పుకోను. నా నోటితో అనిపించకు," అంది. "నేనొచ్చింది ముందు గది కోసం. మా చెల్లెలికి అలాంటి గది దొరకలేదు."

"కూర్చోండి టీచరుగారూ. రెండో మాట నేనడగను."

నడక ముందు రోజు సాయంత్రం చిట్టి పార్లర్‌కి వచ్చింది. వదిన కొత్త గుండు దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అడగకుండానే స్టూలు లాక్కుని కూర్చుంది.

"రేపు నడక దారి మార్చారు. బస్టాపు వైపు రాదు. స్టేడియం వెనక రోడ్డు మీదుగా వెళ్తుంది. నువ్వు కనబడకూడదని."

"నాకెందుకు చెప్తున్నావు?"

"ఏమో. ఆ దారి గీసింది కూడా నేనే. గీస్తుంటే చెయ్యి రాలేదు." కళ్లు తుడుచుకుంది. "నీ గడ్డ సంగతి తెలిసిన రోజు బాత్రూంలో దాక్కుని ఏడ్చాను వదినా. నీకు చెప్పలేదు."

"నువ్వు ఏడిస్తే పక్కవీధికి వినబడుతుంది. తెలీదనుకున్నావా?"

చిట్టి ఏడుపులోనే నవ్వింది.

ఆదివారం పొద్దున స్టేడియం వెనక రోడ్డు మీద కత్తెరక్క, టీచరు, లాండ్రీ ఆవిడ, మరికొందరు ఆడవాళ్లు ఒక పక్కగా నిలబడ్డారు. ఎవరి దారికీ అడ్డం రాలేదు, అరవలేదు. గులాబీరంగు గుంపు మలుపు తిరిగింది. వాళ్ల టీషర్టుల మీద ఉన్న మొహమే రోడ్డు పక్కన నిలబడి ఉంది, నవ్వకుండా. ముందు వరసలోని వాళ్లు నడక తగ్గించారు. వెనక వాళ్లు వాళ్లకి తగిలారు. ఎవరో అట్ట మీది మాటలు గట్టిగా చదివారు. ఒకామె వచ్చి, "నిజమేనా?" అని అడిగింది. కత్తెరక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె ఛాతీ మీది బ్యాడ్జీ తీసి జేబులో వేసుకుని, వీళ్ల పక్కన నిలబడింది. తర్వాత ఇంకొకరు. చాలామంది తలలు దించుకుని ముందుకే వెళ్లారు. కానీ నిలబడిపోయినవాళ్లు రోడ్డుకి ఆ చివర్దాకా కనబడ్డారు. అధ్యక్షుడు మైకు పుచ్చుకుని, నడవండి నడవండి అంటున్నాడు. నడిపించాల్సిన చిట్టి, మెడలోని సంస్థ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టి, వచ్చి వదిన పక్కన నిలబడింది.

వారం తిరక్కుండా సంస్థ ప్రకటన ఇచ్చింది. విచారణ తేలేదాకా క్లినిక్కి పాత సాయం కొనసాగుతుందని. తప్పయిందని ఎక్కడా అనలేదు. అధ్యక్షుడు పదవిలోనే ఉన్నాడు. పోస్టర్లు మాత్రం వాళ్లే చడీచప్పుడు లేకుండా మార్చేశారు. ముందు గది తెరిచిన పొద్దున లాండ్రీ ఆవిడే మొదట వెళ్లింది. నర్సు పరీక్ష చేసి, వెంటనే చూడాలని రాసిచ్చి ఆ రోజే పెద్దాసుపత్రికి పంపింది. అది చెడ్డ గడ్డే. కానీ చిన్నదిగా ఉండగానే తీసేశారు. ఇప్పుడు కీమో నడుస్తోంది. కత్తెరక్క రోజు విడిచి రోజు వెళ్లి కూర్చుంటుంది. ఆవిడ మాటలు వింటే చాలు, ఒంట్లో ఓపిక ఎంతుందో తెలిసిపోతుంది.

చిట్టికి ఇంకా ఉద్యోగం దొరకలేదు. అన్నయ్య ఇంట్లోనే ఉంటోంది. టీవీ దగ్గర అన్నా చెల్లెళ్లకి రోజూ పేచీయే. పగలు పార్లర్‌లో ఫోన్లు ఎత్తుతుంది, గుడ్డలు ఉతుకుతుంది. దువ్వెనలు ఎక్కడ పెడుతుందో కత్తెరక్కకి ఒక్కరోజూ దొరకవు.

నిన్న మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఇద్దరూ ఆరిన తువ్వాళ్లు మడతపెడుతున్నారు.

"కోపంగా ఉందా చిట్టీ?" అని అడిగింది కత్తెరక్క.

"ఉంది."

"ఎవరి మీద? నా మీదా?"

చిట్టి ఇంకో తువ్వాలు తీసి దులిపింది. "ఇంకా తేల్చుకోలేదు వదినా," అంది. "ఆ చివర పట్టుకో, మడత సరిగ్గా రావట్లేదు."

కత్తెరక్క ఆ చివర పట్టుకుంది.