తొట్టెలనాడు పెట్టిన చీర

"వద్దే బిడ్డా, గా చీర మీద కత్తెర పెట్టకు. మీ అత్తమ్మకు తెలిసిందంటే మల్ల మన గడప తొక్కది" అంది నర్మద.

అప్పటికి హర్షిణి కత్తెర చేతిలోకి తీసుకోనే లేదు. చీరను చాప మీద పరిచి చూస్తోందంతే. కానీ నర్మద భయాలు ఎప్పుడూ పనికన్నా ముందే లేచి కూర్చుంటాయి. బిడ్డ ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే ఆమె ఆలోచన దవాఖాన దాకా పోయి వస్తుంది. "మా ఆమెకు పీడకల పడాలంటే నిద్ర పోవాల్సిన పని లేదు" అని మగ్గాల షెడ్డులో చెప్పి నవ్విస్తుంటాడు ఆమె భర్త కైలాసం.

అది వంకాయ రంగు నారాయణపేట చీర, పసుపుపచ్చ అంచు. హర్షిణిని తొట్టెలలో వేసిన నాడు కైలాసం అక్క ఐలవ్వ లక్సెట్టిపేట నుంచి తెచ్చి పెట్టింది. చుట్టాల మధ్య పెట్టుడు చీరల సంగతి అందరికీ తెలిసిందే. ఈ ఇంట్లో పెట్టింది ఆ ఇంటికి, ఆ ఇంటి నుంచి ఇంకో ఇంటికి, మడత విప్పకుండానే జిల్లా అంతా తిరుగుతుంటాయి. ఐలవ్వ తెచ్చింది అట్లాంటిది కాదు. నాలుగు దుకాణాలు ఎక్కి దిగి ఏరుకున్నది. ఎవరికి ఏం పెట్టిందో ఆమెకు అంచుతో సహా గుర్తుంటుంది. మాట కూడా సూది మొనే.

ఆ చీర ఇప్పుడు కుచ్చిళ్ల దగ్గర జల్లెడలా అయింది. ఒక మూల పసుపు మరక. కట్టుకోను పనికిరాదు, పారేయను మనసొప్పదు. బీరువా అడుగున పడి ఉంది.

"గట్లనే ఉంచితె ఎలుకలు కొరుకుతయి. లేకుంటె నువ్వే ఏదో ఒకనాడు మసిబట్ట చేస్తవ్. గదానికంటె నేను తొడుక్కుంటె మంచిగుండదా అవ్వా?" అంది హర్షిణి. కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది. ఇంటికి వచ్చినప్పుడల్లా పాత బట్టల మూట ముందేసుకుంటుంది. తండ్రి చొక్కాలు దిండు గలీబులయ్యాయి, జీన్స్ ప్యాంటు కూరగాయల సంచి అయింది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె "మీ ఇంటి ముందట ఒర్రి ఒర్రి నా గొంతు పోతున్నది, ఒక్క చినిగిన లుంగీ సుత ఇయ్యరు" అని వాళ్ల ఇంటి ముందు ఆగడమే మానేసింది.

కైలాసం చీరను వెలుతురుకు పట్టి చూశాడు. "పేక అరిగింది గని పడుగు ఇంకా గట్టిగనే ఉన్నది. లోపట నా పాత ధోతి ఎయ్, ఆగుతది" అన్నాడు. తర్వాత కూతురి నెత్తి మీద చిన్నగా ఒకటేసి, "అందరు నీ లెక్కనే పాతయి మల్ల కుట్టుకుంటె, నేను నేసింది ఎవలు కొనాలె బిడ్డా?" అన్నాడు.

"నువ్వు గట్టిగ నెయ్యి బాపూ. రెండోసారి సంగతి నేను చూసుకుంట."

తండ్రీ కూతుళ్లు ఒక్కటైతే నర్మద మాట ఎక్కడ చెల్లుతుంది? చివరికి ఒప్పుకుంది కానీ ఒట్టు పెట్టించుకుంది. ఐలవ్వ కొత్తింటి గృహప్రవేశానికి హర్షిణి ఆ చీర గౌనే తొడుక్కొస్తానంటోంది కాబట్టి, ఎవరడిగినా కరీంనగర్‌లో కొన్నానని చెప్పాలి. అత్తమ్మ ఇంట్లో నిలబడి చీర పేరు ఎత్తొద్దు.

కత్తెర నడుస్తున్నంతసేపు ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. ఆ చప్పుడు తన వీపు మీద నడిచినట్టే ఉంది. తర్వాత రెండు రోజులు ఆమె కుట్టుమిషను ఆమెకు దొరకలేదు. మూడోనాడు హర్షిణి గౌను తొడుక్కుని వాకిట్లోకి వచ్చింది. కాళ్ల దాకా జారే గౌను, కింద చుట్టూ పసుపు అంచు. చీర కొంగు ఛాతీ మీదికి వచ్చి కూర్చుంది. చిరుగులున్న భాగం చిన్న చిన్న మడతలై చేతుల మీద పూసింది. మరక ఉన్న చోట తండ్రి చొక్కా గుడ్డతో తంగేడు పూలు.

నర్మద గుండె ఉప్పొంగింది. కానీ బాగుందంటే దిష్టి తగులుతుందేమో. "జర పొడుగైనట్టున్నది" అని, బిడ్డ అరికాలికి కాటుక చుక్క పెట్టింది.

గృహప్రవేశం నాడు బస్సు గోదావరి వంతెన దాటుతుండగా మళ్లీ చెప్పింది. "గుర్తున్నదా? కరీంనగర్ల కొన్న."

"గుర్తున్నది" అంది హర్షిణి, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆ మాటలో ఉత్సాహం లేదు.

ఐలవ్వ ఇంట్లో అడుగు పెట్టారో లేదో, ఆడపిల్లలంతా హర్షిణి చుట్టూ మూగారు. ఒకరు చేతుల మడతలు పట్టి చూస్తే, ఇంకొకరు ఫొటో తీశారు. "యాడ తీసుకున్నవక్కా? మంచిర్యాల మొత్తం తిరిగినా గిసుంటిది దొరకది."

హర్షిణి తల్లి వైపు చూసింది. "కరీంనగర్ల" అంది నేల చూస్తూ.

ఐలవ్వ తోడికోడలు రాజవ్వ అక్కడే పూలు గుచ్చుతోంది. లేచి వచ్చి గౌను అంచు వేళ్ల మధ్య నలిపింది. "కొన్నదేనా? ఏ దుకాణమో చెప్పు మరి. నాకైతె పాత చీర లెక్క కొడుతున్నది. ఏందే నర్మదా, నేసేటోళ్ల ఇంట్ల పిల్లకు కొత్త గుడ్డ కరువైందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నిజం చెబుదామంటే హర్షిణికి ఒట్టు అడ్డం. చేతులతో ఆ తంగేడు పూలను కప్పుకుంది, దొంగతనం చేసినదానిలా.

ఆ చేతుల్ని చూసి నర్మదకు ఏమైందో ఆమెకే తెలియదు. తన భయానికి బిడ్డ పనితనం తల దించుకుంది. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో గొంతు లేపని మనిషి, గోడ అవతలి దాకా వినిపించేలా అంది: "కొన్నది గాదు రాజవ్వా. నా బిడ్డ కుట్టింది, తన చేతులతోని. పాత చీరనే. నాదే. నువ్వన్నది నిజమే గని, నీ ఇంట్ల గిట్ల కుట్టేటోళ్లు ఒక్కలుంటె చూపియ్యి."

"ఏ చీర?"

ఆ మాట రాజవ్వది కాదు. కుంకుమ పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డ ఐలవ్వది.

నర్మద ఇక దాచలేదు. "తొట్టెలనాడు నువ్వు పెట్టినదే, వదినె."

ఐలవ్వ పళ్లెం కింద పెట్టింది. "గా చీర పెట్టినంక ఒక్కనాడన్న నీ మీద చూస్తినా నర్మదా? ఎన్ని పెండ్లిళ్లు, ఎన్ని పండుగలు. అన్నిటికి వేరే చీరనే కట్టుకొస్తివి. నేను కోరి కొన్నదాన్ని ఎవలింట్లనో పెట్టుడు కింద తోలినవనుకున్న."

"అయ్యో, లేదు వదినె! పెట్టిన చీరనే కట్టుకొస్తె, నీకు ఇంకొకటి లేదా అంటవేమోనని భయమయ్యేది. నీ ఇంటికి తప్ప అన్ని దిక్కులకు గదే కట్టిన. బజారుకు గదే, వేములవాడ రాజన్న గుడికి గదే. చినిగేదాంక కట్టిన. కత్తెర పెట్టమన్నది సుత నేనే. పిల్లనేమనకు. కోపమొచ్చిందా?"

ఐలవ్వ హర్షిణిని దగ్గరికి లాక్కుని, గౌను చేతిని ఎండకు పట్టింది. గుడ్డలోంచి వెలుతురు అవతలికి కనిపిస్తోంది. అరిగిన ప్రతి దారాన్నీ బొటనవేలితో తడిమింది. పూలను తడిమింది. లోపలి నుంచి పూజకు వేళయిందని పంతులు పిలిచినా కదల్లేదు. ఆడపిల్లలు ఫోన్లు దించేశారు. నర్మద మనసులో అప్పటికే తిరుగు బస్సు ఎక్కి, ఏడ్చుకుంటూ గోదావరి దాటేసింది.

"కోపం రాదా మరి?" అంది ఐలవ్వ చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "గీ ముచ్చట గప్పుడే చెప్పకపోతివి. అగో, గా రాజవ్వ యాడికి జారుకుంటున్నదో, పిలువుండ్రి. నేను పెట్టిన చీర, నా మేనగోడలు కుట్టింది. జర దగ్గరికొచ్చి మంచిగ చూడుమను."