చెవులు పెరిగిన సింహం

చిత్తూరు మామిడికాయల మండీలో గురప్ప గొంతు తెలియనివాళ్లు లేరు. ఆయన వేలం పాట ఎత్తుకున్నాడంటే రోడ్డవతల బస్సుకోసం నిలబడినవాళ్లు కూడా తలతిప్పి చూసేవాళ్లు. అలాంటి మనిషికి యాభై ఏళ్లు దాటాక సిపాయి వేషం కట్టాలని పిచ్చి పట్టుకుంది.

ఎనభయ్యో సంవత్సరం మాఘమాసంలో చంద్రగిరి కోట దగ్గర పాతకాలపు సైన్యాల వేషాలతో ఒక ఊరేగింపు తీశారు. తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పే శఠగోపం అయ్యవారు, ఆయన స్నేహితులు కలిసి మొదలుపెట్టిన వేడుక అది. అట్టలకు వెండికాగితం అంటించిన కవచాలు, వెదురు బల్లేలు, ఎర్ర తలపాగాలు, రొమ్ముమీద రాయలకాలపు వరాహం ముద్ర. చుట్టాలింటికి పోతున్న గురప్ప బస్సు దిగిపోయి, వాళ్ల వెనకే రాజమహలు దాకా నడిచాడు. చుట్టాలింటి సంగతి మళ్లీ పొద్దుగుంకాకే గుర్తొచ్చింది.

ఇంటికొచ్చీ రాగానే భార్య సుబ్బులమ్మతో అన్నాడు. "మేయ్, మన చిత్తూరికీ ఒక దళం ఉండాల. మనోళ్లేమన్నా యుద్ధాలు చెయ్యకుండా ఉన్నారా?"

"నువ్వేం యుద్ధం చేసినావు?" అంది సుబ్బులమ్మ, అన్నం వడ్డిస్తూ.

"నీతో చేస్తానే ఉండాను గదా," అని నవ్వాడు గురప్ప.

మండీలో తూకం వేసే చిన్నబ్బతో మొదలుపెట్టి హమాలీలనీ, పక్క కొట్లవాళ్లనీ ఒక్కొక్కరినే ఒప్పించి దళం కట్టాడు. శఠగోపం అయ్యవారిని కలిసి వచ్చే ఏడు తామూ వస్తామని చెప్పాడు. ఆయన సంతోషంగా ఒప్పుకుని, అక్కడి పద్ధతి వివరించాడు. ప్రతి దళానికీ తనదైన రంగు, తనదైన ముద్ర ఉండాలి. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు. ఊరేగింపు ముగిశాక రాజమహలు ముందు దళపతి నిలబడి తమ ముద్ర ఏమిటో, దాన్ని ఎందుకు ఎంచుకున్నారో అందరికీ వినబడేలా చెప్పాలి.

రంగు సుబ్బులమ్మే తేల్చింది. ఎరుపు తిరుపతివాళ్లు తీసుకున్నారు, నీలం శ్రీకాళహస్తివాళ్లు తీసుకున్నారు. "మనది పచ్చిమామిడికాయ రంగు. ఇంకోటి ఎందుకు?" అంది. పక్కింటి చెంగమ్మను తోడు పిలుచుకుని, పెరట్లో కాగు పెట్టి తలపాగా గుడ్డలన్నిటికీ తనే రంగు ఎక్కించింది. చాన్నాళ్ల వరకూ ఆమె చేతులు మోచేతుల దాకా పచ్చగానే ఉన్నాయి. ఆ చేతులతో ఆమె మజ్జిగ పోస్తుంటే గురప్ప చూసి లోలోపలే మురిసిపోయేవాడు. పైకి మాత్రం, "సున్నిపిండి పెట్టి రుద్దు, పోతాది," అనేవాడు.

ముద్ర విషయంలో ఆయన ఎవరి మాటా వినలేదు. సింహమే కావాలన్నాడు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే గంగాధరం దగ్గరికి పోయి ఒక మధ్యాహ్నమంతా ఎదురుగా కూర్చున్నాడు.

"జూలు అంత ఒద్దప్పా, గుడ్డంతా నల్లగా అయిపోతాది."

గంగాధరం జూలు తగ్గించాడు.

"నోరు అట్ల తెరిస్తే పిల్లోళ్లు జడుసుకుంటారు. మూసెయ్."

గంగాధరం నోరు మూశాడు.

"పొట్ట లోపలికి పోనీ. సిపాయిల సింహం కదా, బక్కగా ఉండాల. తోక కూడా కొంచెం దించు."

గంగాధరం కలం పక్కన పెట్టి, "అన్నా, ఇంకేమన్నా తీస్తే సింహం మిగల్దు," అన్నాడు. గురప్ప అదేదో మెచ్చుకోలు అనుకుని నవ్వేశాడు.

ముద్రలు అచ్చంగా ఆయన చెప్పినట్టే తయారై, ఊరేగింపుకు ముందురోజు మధ్యాహ్నం మండీకి వచ్చాయి. మూట విప్పగానే చిన్నబ్బ ఒకటి అందుకుని చేయి చాపి దూరంగా పెట్టి చూశాడు.

"అన్నా, ఇది మా ఈదిలో కుక్క మాదిరే ఉండాదే!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. గురప్ప దాన్ని లాక్కుని వెలుతురులోకి తీసుకుపోయి చూశాడు. ముందు సింహమే కనబడింది. తర్వాత కుక్క కనబడింది. ఆ తర్వాత ఎంత చూసినా సింహం కనబడలేదు. మూట చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు. గోడవైపు తిరిగి పడుకుని, "రేపు నాకు ఒళ్లు బాగలేదని చెప్పు," అన్నాడు.

సుబ్బులమ్మ ముద్రలన్నీ ఒకసారి విప్పి చూసుకుని, మళ్లీ మూట కట్టింది. తెల్లవారాక ఆయన తలపాగా తెచ్చి చేతిలో పెట్టింది.

"నీ సింహం సంగతి నాకు తెలీదు. ఈ రంగు నేనెక్కించినాను. దాన్నన్నా చూపించుకుని రా పో."

ఆ మాటకు ఆయన లేచాడు. దళమంతా, చూడ్డానికొచ్చే ఆడవాళ్లతో సహా, ఒకే బస్సులో బయలుదేరింది. గురప్ప ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. పూతలపట్టు దాటాక వెనక ఆడవాళ్ల నవ్వులు వినబడి తిరిగి చూశాడు. సుబ్బులమ్మ, చెంగమ్మ ఒళ్లో ముద్రలు పెట్టుకుని గబగబా కుడుతున్నారు. బస్సు కుదిపినప్పుడల్లా సూదులు ఆపి, మళ్లీ కుడుతున్నారు. ఒక్కో కుక్క తలమీదా రెండేసి పొడుగాటి తెల్లటి చెవులు మొలిచాయి.

"ఏందిమే ఇది?"

"కుందేలు."

"ఆ గుడ్డ నా పంచ గదా!"

"పాతదేలే."

"యుద్ధానికి పొయ్యేవాడు కుందేల్ని పెట్టుకుంటాడా యాడన్నా?"

సుబ్బులమ్మ దారం పంటితో తెంపి, ఆయన్ని పక్కన కూర్చోమంది. తన చిన్నప్పుడు అవ్వ చెప్పిన కథ చెప్పింది. వాళ్ల ఊరి కొండమీద పాడుబడిన కోట ఒకటుండేది. దాన్ని ఎందుకు అక్కడే కట్టారో అవ్వ చెబుతుండేది. ఆమె చెబుతుంటే ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి విన్నారు. చంద్రగిరిలో దిగేటప్పుడు గురప్ప తన ముద్రను తనే అడిగి తీసుకుని రొమ్ముమీద పెట్టించుకున్నాడు.

చెవులను మొదళ్ల దగ్గర మాత్రమే కుట్టారు. దళం అడుగేస్తే చెవులన్నీ ఒక్కసారి ఎగిరి ఒక్కసారి పడుతున్నాయి. పిల్లలు కేకలు పెడుతూ వాళ్ల వెంటే పరుగెత్తారు. ఎర్ర తలపాగాల వాళ్లు మీసాల చాటున నవ్వారు. గురప్పకు చెవులు వేడెక్కాయి గానీ, బల్లెం దించలేదు.

రాజమహలు ముందు శఠగోపం అయ్యవారు వరాహం జెండా పట్టుకుని నిలబడ్డాడు. "చిత్తూరు దళపతీ, మీ ముద్ర ఏది?" అని అడిగాడు. జనం నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

గురప్ప ఆడవాళ్లున్న వైపు చూశాడు. సుబ్బులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వుతోందో, భయపడుతోందో తెలియలేదు. ఆయన మండీ గొంతు ఎత్తాడు.

"మాది కుందేలు! ఎప్పుడో ఒక నాయకుడు వేటకు పోయినాడంట. కుక్కలు కుందేల్ని తరుముకుంటా పోయినాయి. ఒక తావుకు వచ్చినాక అది నిలబడింది. వెనక్కి తిరిగింది. తిరిగి కుక్కల్నే తరిమింది! కుందేలుకే ఇంత పౌరుషం ఇచ్చిన నేల ఇదేరా అని ఆ నాయకుడు ఆడనే కోట కట్టినాడు. మా ఇంటామె పుట్టిన ఊరు అది. మేము ఆ నేల మనుషులం. మా రంగు మామిడికాయ, మా ముద్ర కుందేలు!"

ఆ గొంతు కోటగోడకు తగిలి తిరిగొచ్చింది. ఒక్కరూ నవ్వలేదు. శఠగోపం అయ్యవారు ముందుకొచ్చాడు.

"రాయలవారి రాజధానికి కూడా ఇదే కథ చెబుతారు గురప్పా. మా వరాహం పుట్టకముందే మీ కుందేలు ఉంది," అంటూ జెండా కొంచెం కిందికి వంచాడు. పెద్దవాళ్లకు మాత్రమే చేసే మర్యాద అది. చిన్నబ్బ ఈల వేశాడు. ఆ తర్వాత ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో లెక్కలేదు. చంద్రగిరి రోడ్డుమీద ఎరుపూ నీలమూ పచ్చా కలిసిపోయి టీకొట్టు ముందు నిలబడ్డాయి.

తిరుగు బస్సులో గురప్ప భార్య పక్కనే కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తూ, "మేయ్, తర్వాత ఆ కుందేలు ఏమైందని మీ అవ్వ చెప్పింది?" అని అడిగాడు.

"ఏమైతాది? ఆకలేసి గడ్డి తినుంటాది," అంది సుబ్బులమ్మ. "నువ్వూ పొద్దున్నించీ ఏం తిన్లేదు. ఇంద." పులిహోర పొట్లం విప్పి ఆయన చేతిలో పెట్టింది.

మరుసటి ఏడు గంగాధరం తనంతట తానే, ఎవరి సలహా లేకుండా, మంచి సింహం ఒకటి వేసి పంపాడు. మెడ నిండా జూలు, తెరిచిన నోరు. గురప్ప దాన్ని ఇంట్లో గోడకు తగిలించాడు. దళంలోకి ఆ ఏడు ఆడవాళ్లూ చేరారు. చంద్రగిరిలో బస్సు దిగాక సుబ్బులమ్మకు తలపాగా చుట్టడం చేతకాక తికమకపడుతుంటే, గురప్ప బల్లెం చెంగమ్మకిచ్చి, రోడ్డుమీదే నిలబడి, ఓపిగ్గా మడత మీద మడత వేసి తనే చుట్టాడు.