పడవకు పట్టినంత సంసారం

ఏటి మధ్య లంకలో చిన్నమ్మాయి అనే ఆవిడ ఇంటికి ఒక పద్ధతుంది. ఏటా ఏరువాక పున్నమి వెళ్లగానే ఇంట్లో సామానంతా రేవుకు మోయించి నాటు పడవకెత్తి చూస్తుంది. మనుషులు కూర్చోగా మిగిలిన చోట్లో పట్టినవి ఇంటికి తిరిగొస్తాయి, పట్టనివి ఎవరో ఒకరికి వెళ్లిపోతాయి. ఊరు నవ్వుకుంది. నవ్వుకోనీ. ఆవిడ మొగుడు చంద్రరావు ధాన్యం బస్తాల కోసం వెనక్కి వెళ్లి వరదలో పోయాడు. కొబ్బరితోటలో శవం దొరికినప్పుడు కూడా ఒక బస్తాను కావలించుకునే ఉన్నాడు. అది చూసినావిడ ఎవరి నవ్వునీ లెక్కచేయదు.

కొడుకు అశోక్‌కి మాత్రం ఈ పద్ధతంటే ఒళ్లుమంట. ఈ ఏడు పడవ పరీక్ష అయ్యిందో లేదో, మనిషెత్తు రెండు తలుపుల ఫ్రిజ్ తెచ్చి నట్టింట నిలబెట్టాడు.

"తాదూర కంత లేదు, మెడకో డోలని... ఏంట్రా ఇది?" అంది చిన్నమ్మాయి.

"నలుగురూ బతికినట్టు నన్నూ బతకనీవమ్మా," అన్నాడు.

శ్రావణంలో మూడో ప్రమాద హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికి ఎర్రనీళ్లు అరుగెక్కాయి. పడవ నడిపే చిట్టియ్య పడవని గుమ్మం దాకా తెచ్చాడు. చిన్నమ్మాయి, చంటిపిల్లతో కోడలు దుర్గాశ్రీ ఎక్కి కూర్చున్నారు. అశోక్ ఊరుకున్నాడా? ఫ్రిజ్‌కి తాడు బిగించి నీళ్ల మీద తేలించుకుంటూ వచ్చాడు. రెండో కొసని పిడికిలికి మెలేసుకుని పడవెక్కాడు.

తోటలు దాటి అసలు పాయలోకి వచ్చేసరికి ప్రవాహం ఫ్రిజ్‌ని లాగింది. పడవ పక్కకి ఒరిగి నీళ్లు లోపలికి దూకాయి.

"వదిలెయ్యండి బాబూ, తిరగబడిపోద్దండి," అని చిట్టియ్య తాడు మీద చెయ్యేశాడు. అశోక్ ఖాళీ చేత్తో వాడి మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది.

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను," అంటూ దుర్గాశ్రీ చొక్కా పట్టుకుంటే మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. ఆవిడ వెల్లకిలా పడింది. ఒళ్లోని పిల్ల పడవ అడుగున చేరిన నీళ్లలోకి జారింది. ఏడుపు గుటకలు పడి ఆగిపోయింది.

చిన్నమ్మాయికి మొగుడు గుర్తొచ్చాడు. భయం కాదు, కోపం వచ్చింది, వెర్రి కోపం. బల్ల కింద చిట్టియ్య కొబ్బరి కత్తి చేతికి తగిలింది.

"వదులుతావా లేదా?"

"చచ్చినా వదల్ను."

తాడు మెలేసిన పిడికిలి పడవ అంచు మీద బిగిసి ఉంది. ఆవిడ మళ్లీ అడగలేదు. ఎత్తి ఒక్క వేటు వేసింది.

తాడు తెగింది. రెండు వేళ్లు తెగాయి. ఫ్రిజ్ గిర్రున తిరిగి వెళ్లిపోయింది. పడవ దబ్బున సర్దుకుంది. దుర్గాశ్రీ పిల్లని కాళ్లు పట్టి ఎత్తి వీపు చరిస్తే ఎర్రనీళ్లు కక్కి కేరుమంది. అశోక్ అరిచిన అరుపు గట్టు మీదివాళ్లకీ వినపడింది.

చిన్నమ్మాయి పమిట చింపి కొడుకు చేతికి కట్టు కడుతోంది. అతనికి పళ్లు టకటకలాడుతున్నాయి.

"నా చెయ్యి నీకు కనపళ్లేదా అమ్మా?"

"కనపడిందిరా," అంది, కట్టు ఇంకాస్త బిగిస్తూ.